కాళ్ళ కింది నాపరాయి కనబడదా, పంతుళ్ళూ?

డిసెంబరు వచ్చిందంటే మా రాయలసీమ రహదారుల నిండా బడి బస్సులే. ముందు అద్దానికి అడ్డంగా “విద్యా విహారయాత్ర” అని ఒక బ్యానరు, లోపల చెవులు చిల్లులు పడే సినిమా పాట. ఏ బస్సునైనా ఆపి ఎక్కడికి పోతున్నారని అడగండి. రాజధానిలో ఒక సినిమా నగరం, ఒక వాటర్ పార్కు, దారిలో ఒక గుడి, తిరుగు ప్రయాణంలో ఒక షాపింగ్ మాల్. వ్యాకరణం చెప్పి బతికినవాణ్ణి గనుక నాకు ముందు ఆ సమాసం మీదనే దృష్టి పోతుంది. విద్యావిహారయాత్రకు విగ్రహవాక్యం చెప్పమంటే “విద్య కొరకు విహారయాత్ర” అని చతుర్థీ తత్పురుషం చెప్పాలి. జరుగుతున్న తంతును బట్టి మాత్రం “విద్య నుండి విహారయాత్ర” అని పంచమీ తత్పురుషం చెప్పడమే న్యాయం.

పిల్లలు నీళ్ళలో ఆడుకుంటే ఈ ముసలి పంతులుకు కడుపుమంట ఎందుకని మీరనవచ్చు. ఆడుకోనివ్వండి, నాకేమీ అభ్యంతరం లేదు. ఆ ఆటకు విద్య అని పేరు పెట్టి తల్లిదండ్రుల వద్ద రుసుము వసూలు చేసి, సంవత్సరంలో పిల్లవాడు బడిగోడ దాటే ఒకే ఒక్క అవకాశాన్ని అక్కడ ఖర్చుపెట్టి రావడమే నాకు మింగుడుపడదు. నేను చెప్పదలచినది ఇది: జిల్లా మ్యూజియమే ఈ యాత్రలకు నాయకత్వం వహించాలి. మ్యూజియం మనిషి తన భవనం గడప దాటి బయటికి రావాలి. పిల్లలను వాళ్ళ ఊరి గుట్టమీదికి, వాగులోకి, శాసనం దగ్గరికి చేయి పట్టుకొని తీసుకుపోవాలి. బస్సు కాంట్రాక్టరూ, ఏజెంటూ చేయగల పని కాదది. ఆ మాటకొస్తే బడిపంతులు ఒక్కడి వల్ల అయ్యేది కూడా కాదు. (మ్యూజియాన్ని ప్రదర్శనశాల అనాలని నాతోటి పండితులు పట్టుబడతారు. ప్రదర్శించి ఊరుకోవడమే దాని పని కారాదన్నది నా వాదన గనుక ఇక్కడ మ్యూజియం అనే వాడుతున్నాను.)

ఇక మా ప్రాంతం సంగతి. ఉమ్మడి కర్నూలు జిల్లా, కడప జిల్లా బడుల్లో పిల్లలు కూర్చునే నేల దేనితో పరిచినదో చూడండి. నాపరాయి. బేతంచెర్ల బండ అంటారు, కడప బండ అంటారు. దక్షిణదేశంలో అది పరవని వంటిల్లు తక్కువ. ఆ రాయికి శాస్త్రగ్రంథాలలో నార్జి సున్నపురాయి అని పేరు. నార్జి ఎక్కడో విదేశంలో లేదు, కడప జిల్లాలో ఒక పల్లె. 1872లో విలియం కింగ్ అనే భూగర్భశాస్త్రవేత్త కడప, కర్నూలు శిలల మీద పెద్ద గ్రంథం ప్రకటించాడు. ఆ సంప్రదాయంలో మన రాతిపొరలకు మన ఊళ్ళ పేర్లే పెట్టుకుంటూ వచ్చారు. కర్నూలు వర్గంలోని పొరలను కింది నుంచి పైకి చదవండి: బనగానపల్లె, నార్జి, ఔకు, పాణ్యం, కోయిలకుంట్ల, నంద్యాల. ఆర్టీసీ బస్సు కండక్టరు స్టేజీలు పిలిచినట్లు లేదూ! అంతకంటే పాతవైన కడప శిలల్లో గువ్వలచెరువు, వేంపల్లె, పులివెందుల, తాడిపత్రి, కంభం, శ్రీశైలం. వాటిని కలిపి కట్టిన వర్గాలకు పాపాఘ్ని, చిత్రావతి, నల్లమల. ప్రపంచంలో ఏ మూల కూర్చున్న శాస్త్రజ్ఞుడైనా మన శిలల ప్రస్తావన వస్తే ఈ పేర్లను తన నోటికి వచ్చినట్లు ఉచ్చరించక తప్పదు. కోయిలకుంట్ల పిల్లవాడికి మాత్రం తన ఊరి పేరు ఒక రాతిపొరకు ఉన్నదని పదో తరగతి పూర్తయినా తెలియదు. అమెజాన్ నది పొడవు తెలుసు, ఆండీస్ పర్వతాల ఎత్తు తెలుసు. తాను కూర్చున్న బండ తెలియదు.

వేంపల్లె పొరల్లో స్ట్రోమటోలైట్లు అనేవి ఉన్నాయి. నిస్సారమైన సముద్రంలో కంటికి కనిపించని సూక్ష్మజీవులు పొర మీద పొరగా కట్టిన గూళ్ళు రాయిగా మారినవి. కోసిన ఉల్లిగడ్డ పొరల్లాగా కనబడతాయి. ఆ శిలల మధ్యకు చొచ్చుకువచ్చి గడ్డకట్టిన నల్లరాయి వయస్సును లెక్కగట్టితే సుమారు 188 కోట్ల సంవత్సరాలు తేలింది. చొచ్చుకువచ్చిన రాయి కంటే, దానికి చోటిచ్చిన పొర పాతదై ఉండాలి కదా. అంటే కడప జిల్లాలో గొర్రెల కాపరి నిలబడి నీళ్ళు తాగే గుట్టమీద, చెట్టూ పుట్టా జంతువూ ఏదీ పుట్టకముందటి జీవం ముద్ర ఉన్నదన్నమాట. ఈ ఒక్క సంగతి పిల్లవాడికి ఆ రాయి మీద చేయి పెట్టించి చెప్పండి. తరువాత మీ వాటర్ పార్కుకు తీసుకుపోండి, నేనేమీ అనను.

మనవాళ్ళ యాత్రల్లో తిరుపతి తప్పకుండా ఉంటుంది. తిరుమల ఘాట్ రోడ్డు పక్కన ఒక చోట కింది పాతరాయి మీద పై రాయి వచ్చి కూర్చున్న సంధిరేఖ కనిపిస్తుంది. దాన్ని ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ అంటారు. కింది రాయి ఏర్పడడానికీ, పై రాయి దానిమీద పేరుకోవడానికీ మధ్య సుమారు 80 కోట్ల సంవత్సరాల చరిత్ర అక్కడ లేకుండా పోయిందని భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థవారి లెక్క. తాళపత్ర గ్రంథాలు చూసినవారికి నేను వేరే ఉపమానం చెప్పనక్కరలేదు. నడుమ ఆకులు పోయిన ప్రతి అది. జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించి బోర్డు కూడా పెట్టారు. కొండ మీద శిలాతోరణానికీ అదే గౌరవం ఉన్నది. 2025 సెప్టెంబరులో తిరుమల కొండల సహజ వారసత్వాన్ని, విశాఖ దగ్గరి ఎర్రమట్టి దిబ్బలను యునెస్కో తాత్కాలిక జాబితాలో చేర్చారు. ఏటా ఎన్ని వందల బడి బస్సులు ఆ సంధిరేఖ పక్కనుంచి పోతాయో ఊహించుకోండి. “పిల్లలూ, కుడిపక్కకు చూడండి” అనే నాథుడు ఆ బస్సులో ఉండడు. ఉంటే ఆ క్షణాన పాట ఆపమనాలి, దానికి ఒప్పుకునేవాడూ ఉండడు.

మ్యూజియాలు ఇప్పుడు చేస్తున్నదేమిటో నాకు తెలుసు. ఒకసారి నలభైమంది పిల్లలతో ఒక మ్యూజియానికి వెళ్ళాను. ఏదన్నది ఇక్కడ చెప్పను. ఒకదాని తప్పుగా చూడదగినది కాదది. టిక్కెట్లు కొన్నాము. ద్వారం దగ్గర కాపలా మనిషి మొదటి ఉపదేశం: తాకరాదు. రెండవది: ఫోటోలు తీయరాదు. మూడవది: త్వరగా కదలండి, వెనుక వేరే బడి వచ్చింది. అద్దాల బీరువాలో వరుసగా పేర్చిన రాతి గొడ్డళ్ళు. వాటి కింద అచ్చు వెలిసిపోయిన చీటీ, దాని మీద ఒక ఆంగ్ల పదం, ఒక అంకె. ఆ గొడ్డలి ఏ ఊళ్ళో దొరికింది, ఏ రాయితో చేశారు, ఎవరు పట్టుకున్నారు, దేన్ని నరికారు అన్న ముక్క లేదు. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె “సార్, ఇది గొడ్డలైతే దీనికి కర్ర ఎక్కడ దూరుస్తారు?” అని అడిగింది. ఆ భవనంలో ఆ రోజు అడిగినవాటిలో అంతకంటే మంచి ప్రశ్న లేదు. జవాబు చెప్పవలసిన ఉద్యోగి ఆఫీసు గదిలో ఉన్నాడు. బయటికి రావడానికి ఆయనకు తీరిక లేదన్నారు. ఇరవై నిమిషాల్లో మమ్మల్ని వెనుక ద్వారం గుండా పంపించారు.

ఆ ఉద్యోగి మీద నాకు కోపం లేదు. ఆయన కొలువు నియమాల్లో “బడిపిల్లలకు జవాబు చెప్పవలెను” అని ఉన్నదా? వస్తువులు లెక్క తప్పకుండా ఉన్నాయా, తాళాలు పడ్డాయా, ఆడిట్ వచ్చిందా అన్నవే ఆయన బాధ్యతలు. తప్పు మ్యూజియం అంటే గిడ్డంగి అనుకునే మన ఆలోచనది.

అదే ఏడాది జరిగిన ఇంకొక సంగతి చెబుతాను. నల్లమల అంచున ఒక గుట్టకు పిల్లలను నడిపించుకొని వెళ్ళాను. అక్కడ గట్టి తెల్లరాతి పలక ఒకటి ఏటవాలుగా పడివున్నది. దానిమీద అలలు అలలుగా చారలు. గొర్రెలు కాసే ఇంటి పిల్లవాడు, తరగతిలో ఎప్పుడూ నోరు విప్పనివాడు, వంగి చూసి “సార్, మా చెరువు ఒడ్డున నీళ్ళు ఇగిరిపోయినాక ఇసక ఇట్లానే ఉంటుంది” అన్నాడు. నేనింకా నోరే తెరవలేదు. భూగర్భశాస్త్రపు మొదటి పాఠం, అంటే ఈనాడు నీరు చేస్తున్న పనిని చూసి ఆనాడు నీరు చేసిన పనిని తెలుసుకోవడం, వాడు తనంతట తాను చెప్పేశాడు. వాడికి ఆ సంవత్సరం సాంఘికంలో వచ్చినవి పందొమ్మిది మార్కులు.

ఆ గుట్టమీద నాకు తెలిసింది కొంతే. ఆ పలక క్వార్ట్‌జైట్ అని, అలల గుర్తులు పడిన ఇసుకే అట్లా గట్టిపడిందని చెప్పగలిగాను. అది ఏ పొరకు చెందినది, పక్క గుట్టకూ దీనికీ సంబంధమేమిటి, ఇక్కడి నేల ఎందుకు ఎర్రన, అక్కడి నేల ఎందుకు నల్లన అని వాళ్ళు వరుసగా అడుగుతుంటే అవి ఒక తెలుగు పండితుడు తేల్చే విషయాలు కావు. అందుకే మ్యూజియం నాయకత్వం అంటున్నాను. నమూనాలు వాళ్ళ దగ్గర ఉన్నాయి, పటాలు ఉన్నాయి, తవ్వకాల నివేదికలు ఉన్నాయి, జీతం ఇచ్చి పెట్టుకున్న నిపుణులు ఉన్నారు. ఇవన్నీ తాళం కింద, పిల్లలు తాళం బయట.

చరిత్రనూ రాళ్ళనూ వేరుచేయడం పాఠ్యపుస్తకం చేసిన అపచారం. భూమి మీద అవి కలిసే ఉంటాయి. కర్నూలు జిల్లా తుగ్గలి మండలంలోని ఎర్రగుడి చూడండి. గుత్తికి దగ్గరే. అక్కడి బండల మీద అశోకుని శాసనాలు ఉన్నాయని 1920లు ముగిసే కాలంలో కనుగొన్నది చరిత్రకారుడు కాదు, భూగర్భశాస్త్రవేత్త. రాళ్ళు చూసుకుంటూ తిరిగే మనిషికి రాళ్ళ మీది రాత కనబడింది. పద్నాలుగు పెద్ద శాసనాలూ, వాటితోపాటు చిన్న శాసనాలూ ఉన్నాయి. భాష ప్రాకృతం, లిపి బ్రాహ్మి. చిన్న శాసనంలో ఒక వింత: కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు సాగుతాయి. మడక తిప్పుకుంటూ చాలు వేసినట్లు అని చెబితే మా ఊరి పిల్లలకు వెంటనే అర్థమవుతుంది. మావటివాళ్ళు, కరణకులు, రథికులు, బ్రాహ్మణ గురువులు తమ తమ శిష్యులకు పూర్వాచారం ప్రకారం నేర్పవలెనని ఆ శాసనంలో ఒక ఆదేశం ఉన్నది. కరణకులన్న మాట చూసినప్పుడు మన ఊరి కరణం గుర్తుకు రాకమానడు. రెండువేల రెండువందల ఏళ్ళ కిందట ఒక చక్రవర్తి పంతుళ్ళకు పంపిన ఉత్తరువు మన జిల్లాలో బండ మీద చెక్కి ఉండగా, పంతుళ్ళు పిల్లలను వెంటబెట్టుకొని సినిమా సెట్టు ముందు ఫోటోలు దిగుతున్నారు.

ఆ తుగ్గలి, జొన్నగిరి చుట్టుపక్కల పొలాల్లో తొలకరి పడగానే జనం వజ్రాలు వెదకడానికి దిగుతారు. ఇల్లూ వాకిలీ వదిలి, పిల్లలను బడి మాన్పించి మరీ వచ్చేవారున్నారు. వజ్రకరూరు దగ్గర భూమి లోతుల నుంచి పైకి తన్నుకువచ్చిన కింబర్లైట్ గొట్టాలు ఉన్నాయి. బనగానపల్లె పొర అడుగున గులకరాళ్ళు కలిసిన గట్టిరాతిలో వజ్రాలు దొరికేవి, వాటికోసం పూర్వం గనులు తవ్వారు. వర్షం ఎందుకు వజ్రాన్ని బయటపెడుతుంది, అది ఎక్కడి నుంచి కొట్టుకొచ్చింది అన్న పాఠాన్ని చెప్పడానికి ఇంతకన్నా తగిన తరగతిగది ఉన్నదా? ఏ మ్యూజియమైనా జూన్ నెలలో ఒక్క శనివారం అక్కడ గొడుగు వేసుకొని కూర్చున్నదా?

ఇక బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహలు. 1883-84లో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు అక్కడ తవ్వించారు. వాటిలో దొరికిన ఎముకలను పరిశీలించి లిడెక్కర్ అనే పండితుడు 1886లో ఒక ఖడ్గమృగానికి ‘రైనోసెరస్ కర్నూలియెన్సిస్’ అని పేరు పెట్టాడు. కర్నూలు పేరున ఒక ఖడ్గమృగం! ఫుట్ జీవితమంతా పోగుచేసిన రాతిపనిముట్ల సంగ్రహాన్ని 1904లో మద్రాసు మ్యూజియం కొన్నది. అమరావతి శిల్పాలలో కొన్ని మద్రాసుకు, కొన్ని లండనుకు పోయిన కథ అందరికీ తెలిసినదే. అటు ఉత్తరాన పాత ఆదిలాబాదు జిల్లా యామనపల్లి దగ్గర దొరికిన రాక్షసబల్లి కోటసారస్, ఆ ఊరి పేరు తోకగా తగిలించుకొని, హైదరాబాదు బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉన్నది. పోయినవాటిని తెచ్చి ఇమ్మని నేను అడగడం లేదు. హైదరాబాదులో ఉండబట్టే కోటసారస్‌ను లక్షలమంది చూడగలిగారు. కాని ఎముక పోయినా గుహ పోలేదు కదా. యామనపల్లి పిల్లవాడికి ఆ బల్లి నడిచిన నేల ఇదే అని చూపడానికి బస్సు కూడా అక్కరలేదు.

జ్వాలాపురం గురించి తప్పక చెప్పాలి. బనగానపల్లె దగ్గర జుర్రేరు లోయలో ఉన్న పల్లె. సుమారు 74 వేల సంవత్సరాల కిందట సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు ఎగసిన బూడిద సముద్రం దాటివచ్చి ఆ లోయలో పడింది. నేటికీ మనిషి ఎత్తుకు మించిన పొరగా కనిపించే చోటున్నది. ఆ బూడిద కిందా, పైనా కూడా రాతిపనిముట్లు దొరికాయని 2007లో ‘సైన్స్’ పత్రికలో ప్రకటించారు. అంతటి ఉత్పాతానికి ముందూ ఇక్కడ మనుషులున్నారు, తరువాతా ఉన్నారు. ప్రపంచమంతా చెప్పుకున్న ఆ బూడిదను మనవాళ్ళు ఏం చేశారు? తవ్వి లారీలకెత్తి, తోముడు పొడుల తయారీకి అమ్మారు. తవ్విన కూలివాడిని నేను నిందించను. ఆ పొర ఏమిటో చిన్నప్పుడు అతనికి ఎవరు చెప్పారు? అతను చదివిన బడి నుంచి ఆ పొరకు దూరమెంత? (ఊరి పేరులో జ్వాల ఉన్నది కాబట్టి మన పూర్వులకు అగ్నిపర్వతం సంగతి ముందే తెలుసునని కొందరు నాకు వివరించబోయారు. 74 వేల ఏళ్ళ కిందట తత్సమ పదాలు లేవని మనవి చేసుకున్నాను.)

ఎర్రమట్టి దిబ్బలకూ అదే గతి పట్టబోయింది. 2014లో భూవారసత్వ స్థలంగా గుర్తింపు వచ్చింది. అయినా 2024లో ఆ దిబ్బల చెంత యంత్రాలు దిగి నేల చదును చేయసాగాయి. కొందరు పౌరులు గొంతెత్తితేగాని ఆగలేదు. కంచె కట్టి బోర్డు పెడితే చాలదనడానికి ఇంకేం ఉదాహరణ కావాలి?

మా ప్రతిపాదన వినగానే వచ్చే ఆక్షేపణలు నాకు కంఠతా వచ్చు. మొదటిది సిలబస్. “ఇవన్నీ తిరిగితే పాఠాలెప్పుడు పూర్తిచేస్తాం?” అయ్యా, 2020 జాతీయ విద్యావిధానమే ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పది రోజులు పుస్తకాల సంచి లేకుండా పిల్లలను బయటి పనులు నేర్చుకోనివ్వమన్నది. చారిత్రక స్థలాలకు తీసుకుపొమ్మని కూడా అందులోనే ఉన్నది. వాటర్ పార్కుకు మూడు రోజులు దొరికినప్పుడు సిలబస్ గుర్తుకురాలేదేం?

రెండవది డబ్బు. రాజధానికి పోయిరావడానికయ్యే ఖర్చుకు నాలుగో వంతు పెట్టినా ముప్పై కిలోమీటర్లలోని గుట్టకు మూడుసార్లు పోయిరావచ్చు. బడి వెనుక వాగుకైతే మజ్జిగ ఖర్చు ఒక్కటే.

మూడవది భద్రత. ఇది నిజమైన ఆక్షేపణ, కొట్టిపారేయను. గుట్టమీద పాములుంటాయి, క్వారీ గుంతలుంటాయి, ఎండ ఉంటుంది, ఆడపిల్లలకు మరుగు ఉండదు. ఈ కారణంగానే ముందు పోయి చోటు చూసి, దారి గుర్తించి, నీళ్ళకూ నీడకూ మరుగుదొడ్డికీ ఏర్పాటు చేయగల సంస్థ ఒకటి కావాలి. ఒక్కొక్క పంతులు ఒక్కొక్కసారి తంటాలు పడే బదులు, మ్యూజియం ఒకే చోటును సంవత్సరంలో అరవై బడులకు చూపితే ఆ ఏర్పాట్లు నిలుస్తాయి.

నాలుగవ ఆక్షేపణ మెత్తగా వస్తుంది: పిల్లలకు రాళ్ళ వయస్సులు చెబితే స్థలపురాణాల మీద నమ్మకం పోతుందట. పోదు. హంపి దగ్గర నింబాపురంలోని బూడిదదిబ్బను వాలిని దహనం చేసిన చోటని జనం చెప్పుకుంటారు. బళ్ళారి చుట్టుపక్కల అటువంటి దిబ్బలు అనేకం. పాలమూరు జిల్లా ఉట్నూరులో 1957లో ఆల్చిన్ తవ్వి చూసి, అవి నవీన శిలాయుగపు పశువుల దొడ్లలో పేడ కుప్పలు కాలిన గుర్తులని నిరూపించాడు. వాలి కథ కథగా చెప్పండి, పేడ సంగతి పేడ సంగతిగా చెప్పండి. రెండూ విన్న పిల్లవాడు, ఇంత పెద్ద బూడిదను చూసి మనవాళ్ళు ఇంత పెద్ద వానరుణ్ణి ఊహించారు గదా అని ఆశ్చర్యపడతాడు. నాకైతే రామాయణం మీద ప్రేమ పెరిగిందే గాని తరగలేదు.

ఆ బళ్ళారిలోనే ఇప్పుడు రాబర్ట్ బ్రూస్ ఫుట్ పేరిట సంగనకల్లు పురావస్తు మ్యూజియం ఉన్నది. తెలుగు ఇంటిభాషగా ఉన్నవారు వేలకు వేలున్న ఊరది. అక్కడి సౌకర్యం ఏమిటంటే, బీరువాలో గొడ్డలిని చూసిన పిల్లవాణ్ణి, దాన్ని చెక్కిన గుట్టకు తీసుకుపోవడానికి ఎంతో దూరం లేదు. సంగనకల్లు గుట్టలు ఊరికి ఆనుకొనే ఉన్నాయి. నల్లరాతి గొడ్డళ్ళు తయారుచేసిన చోట చెక్కుడు పెళ్ళలు నేటికీ నేల మీద ఉన్నాయి. కొడితే గంటలా మోగే బండలున్నాయి. ఆ గుట్టల చుట్టూ క్వారీలూ ఉన్నాయనుకోండి. మ్యూజియం, గుట్ట రెండూ ఒకే పాఠంలోని రెండు పేజీలుగా ఉండాలన్నదే నా కోరిక. గొడ్డలికి కర్ర ఎక్కడ దూరుస్తారన్న మా అమ్మాయి ప్రశ్నకు అటువంటి చోట జవాబు దొరుకుతుంది.

నేను అడిగేది గొంతెమ్మ కోరిక కాదు. ప్రతి జిల్లా మ్యూజియంలో బడుల కోసమే ఒక మనిషి ఉండాలి. ఆయన పని తాళాలు కాదు, పిల్లలు. ఉదయం ఒక గంట మ్యూజియంలో, తాకదగిన రాళ్ళతో. పగిలితే కొంపలు మునగని నమూనాలు ప్రతి స్టోరులోనూ గంపలకొద్దీ ఉంటాయి. తరువాత బస్సెక్కి గుట్టకు. అక్కడ పిల్లలు చూసినదాన్ని తమ చేత్తో గీయాలి, ఫోన్లో బంధించి మరచిపోవడం కాదు. ఏదీ ఏరి సంచిలో వేసుకోకూడదు. దొరికిన చోటు నుంచి కదిలిన రాతిపనిముట్టు సంతకం చెరిపేసిన ఉత్తరం వంటిదని మొదటి రోజే చెప్పాలి. మధ్యాహ్నం తిరిగి మ్యూజియానికి వచ్చి, ఉదయం అర్థంకాని బీరువా ముందు మళ్ళీ నిలబడాలి. ఆ రెండో చూపు కోసమే ఇదంతా. ఇంకొక షరతు. ఇది నగరాల్లోని ఖరీదైన బడులకు పరిమితమైన ‘హెరిటేజ్ వాక్’ కాకూడదు. టోపీలు పెట్టుకొని, నీళ్ళసీసాలు పట్టుకొని హైదరాబాదు పిల్లలు జ్వాలాపురం వచ్చి చూసిపోతుంటే, జ్వాలాపురం పిల్లలు బడి కిటికీలోంచి వాళ్ళను చూస్తూ ఉండే రోజు వస్తే, ఇప్పటి స్థితే నయం.

చివరగా, తెలుగు పంతులుకు రాళ్ళతో ఏం పని అని అడిగేవారికి. నాపరాయి, పలుగురాయి, చెకుముకిరాయి, బలపపురాయి, సుద్ద, జేగురు, గరప, మొరం, చవుడు, రేగడి, రాతినార. మంగంపేటలో ప్రపంచ ప్రసిద్ధమైన బెరైటీస్ నిక్షేపం ఉన్నది, దాన్ని అక్కడివాళ్ళు ముగ్గురాయి అంటారు. ఎంత చక్కని మాట! ఈ పదాలు నిఘంటువుల్లో కొన్ని ఉన్నాయి, బండలు కొట్టేవాళ్ళ నోట అన్నీ ఉన్నాయి. మ్యూజియం చీటీ మీద ఒక్కటీ లేదు. క్వార్ట్‌జైట్ అని తెలుగు అక్షరాల్లో రాసి తెలుగుసేవ చేశామనుకుంటున్నారు. పిల్లలను బండల క్వారీకి తీసుకుపోయి, రాయి కొట్టే మేస్త్రీ చేత ఒక గంట పాఠం చెప్పిస్తే పరిభాష సమస్య సగం అక్కడే తీరుతుంది. మేస్త్రీకి ఉలి ఏ వాలున పెడితే బండ పొరగా విడిపోతుందో తెలుసు, పక్కన నిలబడ్డ మ్యూజియం మనిషికి అది ఎందుకు అట్లా విడిపోతుందో తెలుసు.

మిత్రులారా, మీలో చాలామంది ఉద్యోగాల రీత్యా దేశవిదేశాల్లో ఉన్నారు. మీరున్న ఊళ్ళలో మ్యూజియాలు పిల్లలను బయటికి ఎట్లా తీసుకుపోతున్నాయో చూసినవారు రాయండి. ఇంకొక పని కూడా. మీ సొంత ఊళ్ళో పెద్దవాళ్ళు రాళ్ళకూ మట్టికీ వాడే పేర్లు ఏవి గుర్తున్నా, ఏ జిల్లాలో ఏ మండలంలో విన్నారో ఆ వివరంతో సహా పంపండి. ఒక జాబితా కడుతున్నాను. శ్రీకాకుళం వైపు నుంచి ఇప్పటిదాకా ఒక్క మాటా రాలేదు.